వంతెన మీద ఆగిన బస్సు

జూన్ 3, మంగళవారం

ఈరోజు వంతెన మీద బస్సు ఆపేశాను.

ఎందుకు ఆపానో రాద్దామని కూర్చుంటే ఏమీ తోచడం లేదు. బస్సులో లోపం లేదు. ఎవరూ అడ్డం రాలేదు. వంతెన ఎక్కేటప్పుడు అంతా మామూలే. నడిమధ్యకు, కింద హార్బర్లో ఓడలు కనిపించే చోటుకు వచ్చేసరికి చేతులు నావి కాకుండా పోయాయి. స్టీరింగ్ పట్టుకునే ఉన్నాయని కళ్ళకు కనిపిస్తోంది గానీ పట్టు తెలియడం లేదు. గుండె గొంతులోకి వచ్చింది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఇంకొక్క క్షణం నడిపితే రెయిలింగ్ మీదకు తీసుకెళ్ళిపోతానేమో అనిపించి, పక్కకు తీసి హ్యాండ్‌బ్రేకు వేసేశాను.

కండక్టర్ పరుగెత్తుకొచ్చాడు. నాకంటే పెద్దవాడే, కానీ ఆడవాళ్ళందరినీ అక్కా అనే అంటాడు. నోట్లో ఎప్పుడూ ఈల ఉంటుంది కాబట్టి డిపోలో అందరికీ అతను విజిలే.

"ఏమైందక్కా?"

"బ్రేకులో గాలి తగ్గినట్టుంది. ఒక్క నిమిషం."

వెనక నుంచి ఒకాయన అరిచాడు. "ఆగడానికి ఇక్కడే దొరికిందా మీకు? కింద సముద్రం, పైన ఎండ!"

కాసేపటికి దానంతట అదే తగ్గింది. బండి తీశాను. ట్రిప్పులన్నీ పూర్తి చేశాను.

నిద్ర చాలక, అంతే. అత్తయ్య గురక ఈమధ్య మరీ పెరిగింది.


జూన్ 4, బుధవారం

వంతెన ఎప్పటిలాగే దాటాను. రాసుకోవలసిందేమీ లేదు.


జూన్ 9, సోమవారం

ఆయన ఫోన్ చేశారు. ఓడ ఏదో రేవు దగ్గరికి వచ్చిందట, సిగ్నల్ దొరికిందట. సరుకుల ఓడలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగమంటే అంతే మరి. నేలకు దగ్గరైతేనే మనుషులకు దగ్గర.

ముందు అత్తయ్య లాక్కుంది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా రిటైరైంది. గొంతులో ఆ ఉద్యోగం ఇంకా రిటైర్ కాలేదు. "వేళకి తింటున్నావా? తల తుడుచుకుంటున్నావా? జలుబు గొంతులా ఉందేం?" అని కొడుకును నిలబెట్టి అడిగినట్టు అడిగింది. ఫోన్ నా చేతికి వచ్చేసరికి గరగర మొదలైంది.

"ఎలా ఉన్నావు?"

"బానే ఉన్నా. మీరు?"

"నాకేం, బానే ఉన్నా. అక్కడ వానలు పడుతున్నాయా?"

"పడుతున్నాయి."

"ఇక్కడ ఎండ."

ఇంతే మాట్లాడుకున్నాం. పెట్టేశాక, చెప్పాలనుకున్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి. వంటగదిలో ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకుంటోందనీ, పక్కింటాయన బాగుచేస్తానంటే వద్దన్నాననీ, అది మీ పని కాబట్టి మీరు వచ్చేదాకా అలాగే కొట్టుకోనిమ్మన్నాననీ. ఆగస్టులో ఆయన వచ్చేస్తారు.

వంతెన సంగతి చెప్పలేదు. చెప్పడానికేముంది.


జూన్ 17, మంగళవారం

మా డిపోలో పెద్దాయన ఒకరున్నారు. నాకు గేర్లు నేర్పింది ఆయనే. కొన్నాళ్ళు రూటు మార్చుకుందామా అని అడిగాను. ఆయనది మార్కెట్ రూటు, నాది వంతెన.

"ఏంటమ్మా, ఆ రూటు కోసం అందరూ కొట్టుకుంటారు. ఒక్క సిగ్నల్ లేదు, చల్లటి గాలి."

"నడుం నొప్పిగా ఉంది పెద్దాయనా. వంతెన ఎత్తు ఎక్కించేటప్పుడు లాగేస్తోంది."

నడుం నిజంగానే నొప్పి. అబద్ధం కాదు. ఆయన సరేనన్నారు.

ఒకప్పుడు ఆ రూటు నేనే అడిగి వేయించుకున్నాను. వంతెన పైనుంచి చూస్తే ఓడలు బొమ్మల్లా కనిపించేవి. ఏదో ఒకరోజు వాటిలో మా ఆయన ఓడ కూడా ఉంటుంది కదా, అందరికంటే ముందు నాకే కనిపిస్తుంది కదా అనుకునేదాన్ని. ఆయన వెళ్ళిన కొత్తలో ప్రతి ఓడకూ ఆయన పేరు పెట్టుకుని పలకరించుకుంటూ పోయేదాన్ని. పిచ్చిదాన్ని.


జూన్ 23, సోమవారం

కూరగాయల కొట్లో వచ్చింది.

బస్సు లేదు, వంతెన లేదు, ఓడలు లేవు. చేతిలో సంచి పట్టుకుని లైన్లో నిలబడ్డాను. నా ముందున్నావిడ బేరం తెగడం లేదు. ఉన్నట్టుండి గోడలు దగ్గరికి వచ్చాయి. చెమటలు. ఇక్కడే పడిపోతాను, ఇంతమందిలో, చేతిలో సొరకాయతో, అనిపించింది. సంచి అక్కడే వదిలేసి బయటికి వచ్చి ఒక మెట్టు మీద కూర్చున్నాను.

"కూరలేవి?" అంది అత్తయ్య.

"బాలేవు, తేలేదు."

అత్తయ్య నా మొహంలోకి చూసింది. హాస్టల్లో ఎన్ని వందల అబద్ధాలు చూసిన కళ్ళో ఆవిడవి.


జూలై 2, బుధవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. గుండె జబ్బే అనుకున్నాను. నిజం చెప్పాలంటే గుండె జబ్బయితే బాగుండుననుకున్నాను. దానికి పేరుంటుంది, ఆయనకు చెప్పవచ్చు.

గుండె పరీక్ష కాగితం చూసి ఆవిడ, "మీ గుండె నా గుండెకంటే బావుంది" అంది. ఆ తర్వాత చాలా అడిగింది. నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరున్నారు, ఎప్పట్నుంచి. నేను చెప్పింది తక్కువ. ఆవిడకు అర్థమైంది ఎక్కువ.

"ఇది ఆందోళనమ్మా. లేని ప్రమాదానికి మీ ఒళ్ళు గంట కొడుతోంది. నయమవుతుంది. కానీ అది అదుపులోకొచ్చేదాకా మీరు బస్సు నడపకూడదు. డిపోలో చెప్పండి."

"చెప్తానండీ."

"ఇంట్లో కూడా."

"అలాగేనండీ."

ఎవరికీ చెప్పలేదు. మార్కెట్ రూట్లో రాలేదు కదా. అక్కడ రానప్పుడు ఎందుకు చెప్పాలి? ఆగస్టు వస్తే అన్నీ సర్దుకుంటాయి. ఆయన వస్తే నిద్ర పడుతుంది. నిద్ర పడితే ఇది పోతుంది.


జూలై 12, శనివారం

ఆగస్టులో రారు.

ఆయన స్థానంలో రావలసిన మనిషి కాలు విరగ్గొట్టుకున్నాడట. ఇంకొన్నాళ్ళు ఉంటావా అని కెప్టెన్ అడిగాడట. సరేనన్నారట. డిసెంబర్ దాకా.

"నిన్నడగాలనుకున్నా, సిగ్నల్ దొరకలేదు. అయినా నువ్వు బానే ఉన్నావు కదా. అమ్మా బావుంది, నీ డ్యూటీ నీకుంది. అందుకే సంతకం పెట్టేశా. కోపమా?"

"కోపమెందుకు? మంచిదేగా."

"నాకు తెలుసు నువ్వు అర్థం చేసుకుంటావని."

నువ్వు బానే ఉన్నావు కదా. ఆ మాట ఆయనకు నేర్పింది నేనే. ఫోన్ చేసిన ప్రతిసారీ చిలక్కి చెప్పినట్టు చెప్పి చెప్పి.


జూలై 13, ఆదివారం

"వద్దని ఎందుకనలేదు?" అని అడిగింది అత్తయ్య.

బట్టలు ఆరేసే పని ఉందని మేడ మీదకు వెళ్ళిపోయాను.


జూలై 28, సోమవారం

పెద్దాయన సెలవు. చార్టులో వంతెన రూటు ఎదురుగా నా పేరు. మార్చమని అడగవచ్చు. అడగలేదు. మార్కెట్ రూట్లో ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు, తగ్గిపోయిందనుకున్నాను. తగ్గలేదని చేతులకు తెలుసు. తెల్లారినప్పటి నుంచి అవి చల్లగానే ఉన్నాయి.

అత్తయ్యకు వంతెన అవతల కంటి డాక్టర్ దగ్గర పని ఉంది. నా బస్సే ఎక్కింది. ఎక్కుతూనే, "మా కోడలు నడిపే బండి, కుదుపులుండవు" అని పక్క సీటావిడకు చెప్పింది.

వంతెన మొదట్లోనే పట్టుకుంది. ఈసారి ఆపాలన్నా కాలు బ్రేకు మీదకు రాలేదు. కళ్ళ ముందు రోడ్డు సన్నగా అయిపోయింది. ముందు పోతున్న స్కూటరాయన కనిపించాడు, కానీ ఎంత దూరంలో ఉన్నాడో తెలియలేదు. విజిల్ పెద్దగా ఈల వేశాడు. అప్పుడు తొక్కాను బ్రేకు. బస్సులో నిలబడ్డవాళ్ళంతా ముందుకు వచ్చి పడ్డారు. స్కూటరాయన వెనక్కి తిరిగి చూసి, మొహం తెల్లబోయి, వెళ్ళిపోయాడు. ఒక్క జానెడు. అంతే దూరం.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ మాట మళ్ళీ రాస్తాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

అత్తయ్య లేచి నా సీటు పక్కకు వచ్చి నిలబడింది. జనం అరుస్తున్నారు. ఆవిడ గొంతు మాత్రం నాకొక్కదానికే వినపడేలా ఉంది.

"ఏం కనిపిస్తోంది నీకు?"

"అత్తయ్యా, నేను చచ్చిపోతున్నా."

"సరే, తర్వాత పోదువుగాని. ముందు ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పు."

"దీపస్తంభం."

"దాని మీద?"

"పక్షి. తెల్లది."

"ఏం చేస్తోంది?"

"ఈకలు గోక్కుంటోంది."

"ఇంకా?"

అలా అడుగుతూనే ఉంది. రెయిలింగ్ రంగు, మబ్బులు, అద్దం మీద మరక. చెబుతూ చెబుతూ ఉంటే ఊపిరి దారిలోకి వచ్చింది. బండిని మెల్లగా వంతెన దించి స్టాపులో పెట్టాను. తాళం తీసి విజిల్ చేతిలో పెట్టాను.

"నేను నడపను. డిపోకి ఫోన్ చేసి స్పేర్ డ్రైవర్ని పంపమను. బ్రేకులో ఏమీ లేదు. ఆరోజు కూడా లేదు. నాకే బాలేదు."

ఒకాయన మండిపడ్డాడు. "మరి మేమెలా పోవాలి?"

"నడిచి పోండి, ఒళ్ళు తగ్గుతుంది" అంది అత్తయ్య. ఆయన ఎంత కోపంలో ఉన్నా పొట్ట లోపలికి పీల్చుకోవడం చూశాను.

స్టాపులో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. కంటి డాక్టర్ టైము దాటిపోయింది.

"పరీక్షల ముందు హాస్టల్లో ఏటా ఎవరో ఒకతికి ఊపిరాడేది కాదు" అంది. "చచ్చిపోతున్నా మేడమ్ అని ప్రతి పిల్లా ఏడ్చేది. మెట్ల మీద కూర్చోబెట్టి, కనిపించేవన్నీ చెప్పించేదాన్ని. ఒక్కతీ చావలేదు. ఇద్దరు మాత్రం ఫెయిలయ్యారు."

నవ్వాననుకున్నాను. మొహం తడుముకుంటే అంతా తడి.

"ఎప్పట్నుంచి?"

చెప్పాను.

"రేపు డిపోలో చెప్పు. వాడికెప్పుడు చెబుతావో నీ ఇష్టం. నేను మాత్రం చెప్పను. అది నీ నోటితో రావలసిన మాట."


ఆగస్టు 6, బుధవారం

డిపో మేనేజర్ నా మాటలు విని చాలాసేపు ఫ్యాను వంక చూశారు. తిడతారనుకున్నాను. "స్కూటరతనికి ఏమైనా అయ్యుంటే?" అన్నారు. మళ్ళీ ఫ్యాను వంక చూసి, "మా ఆవిడ లిఫ్టు ఎక్కదు. మాది ఎనిమిదో అంతస్తు" అన్నారు. ఆ తర్వాత డాక్టరమ్మ కాగితం తీసుకుని, నన్ను పోయిన వస్తువుల కౌంటర్లో వేశారు.

గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. ఒక కట్టుడు పళ్ళ సెట్టు. అది పోగొట్టుకున్న మనిషికి ఇంటికెళ్ళేదాకా తెలియలేదంటే ఏం ఆలోచిస్తూ కూర్చున్నాడో బస్సులో.


ఆగస్టు 19, మంగళవారం

కౌంటర్ కిటికీలోంచి బస్సులు కనిపించవు, వినపడతాయి. మా పాత బండి స్టార్టయ్యే ముందు ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు వినపడగానే నా కుడికాలు దానంతట అదే కదులుతోంది. ఇవాళ ఎవరో దాన్ని రెండో గేరులో లాగుతూ తీసుకెళ్ళారు. లేచి వెళ్ళి అరవాలనిపించింది.

ఆయన మీద బెంగ, బండి మీద బెంగ. ఏది ఎక్కువో ఈరోజు చెప్పలేను. రెండూ కడుపులో ఒకచోటే ఉన్నట్టున్నాయి.

మాత్రలు వేసుకుంటున్నాను. నిద్ర కాస్త పడుతోంది.


సెప్టెంబర్ 5, శుక్రవారం

డాక్టరమ్మ వంతెన మీదకు నడిచి వెళ్ళమంది. భయం వస్తే పారిపోవద్దట, అది తగ్గేదాకా అక్కడే నిలబడాలట. రోజూ సాయంత్రం అత్తయ్యా నేనూ వెళ్తున్నాం. మొదట్లో వంతెన మొదలు దాటలేకపోయాను. ఇవాళ నడిమధ్య దాకా వెళ్ళాం.

వచ్చింది. నిలబడ్డాను. రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్తయ్య పక్కన పల్లీలు ఒలుచుకుంటూ నిలబడింది. చాలాసేపటికి తగ్గింది. దానికే విసుగు పుట్టి వెళ్ళిపోయినట్టు తగ్గింది.

కింద ఒక ఓడ హార్బర్లోంచి బయటికి పోతోంది. డెక్కు మీద మనుషులు చీమల్లా ఉన్నారు. వాళ్ళలో ఒకడు చెయ్యి ఊపాడు, ఎవరికో. నేనూ ఊపాను. అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు. భయం కాదది. నాకు ఆయన కావాలి. ఇప్పుడు, ఇక్కడ, ఈ గాలిలో, చొక్కా కాలరు ఎగురుతూ, పక్కన నిలబడి పిచ్చి జోకులు వేస్తూ కావాలి.

"ఏడువు" అంది అత్తయ్య. "వాడు ఫోన్ పెట్టేశాక నేను కుళాయి తిప్పి ఏడుస్తాను. నీకు వినపడకూడదని."

"నేను మేడ మీద ఏడుస్తా."

"తెలుసు. ఆరిన బట్టలు మళ్ళీ ఆరేస్తుంటావు."


సెప్టెంబర్ 20, శనివారం

చెప్పాను.

"ఎలా ఉన్నావు?" అన్నారు.

"బాలేను."

గరగర. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అన్నాను. "బాలేనండీ. జూన్ నుంచి బాలేను. బస్సు నడపడం లేదు. వంతెన మీద ఊపిరాడక ఆపేశాను. ఒకాయన్ని గుద్దబోయాను."

అన్నీ చెప్పాను, కౌంటర్లో కట్టుడు పళ్ళతో సహా. ఆయన అడ్డు రాలేదు.

"జూన్ నుంచా? నేను సంతకం పెట్టినప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

"అయితే ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఎవరితో?"

ఏదో అనబోయాను. లైను తెగిపోయింది. తెగిందో, పెట్టేశారో.


సెప్టెంబర్ 24, బుధవారం

ఫోన్ రాలేదు.


సెప్టెంబర్ 28, ఆదివారం

రాలేదు. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. ఉండదు.


అక్టోబర్ 2, గురువారం

వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఇంజన్ల మోత. ఆయన కేకలు పెట్టి మాట్లాడుతున్నారు. లోకంలో ఎవరైనా ప్రేమగా మాట్లాడితే ఇలా అరుస్తారా అనిపించింది. మళ్ళీ మళ్ళీ విన్నాను. వినగా వినగా కంఠతా వచ్చింది.

"లైను తెగింది, నేను పెట్టలేదు. ముందా మాట నమ్ము. కెప్టెన్ని అడిగా, ముందే పంపమని. మనిషి దొరకలేదు. డిసెంబర్‌కి ముందు కుదరదట. నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు. కాదు, నీ మీద కూడా. నాకు చెప్పకపోతే నేనున్నదెందుకు? ఇంకొకటి. నేనూ బానే లేను. ఇక్కడ తిండి దిగడం లేదు. బెల్టుకి కొత్త బొక్కలు పొడుచుకుంటున్నా. నువ్వు బానే ఉన్నానంటే, నేనొక్కణ్ణే ఇలా ఉన్నానేమో అని సిగ్గేసి చెప్పలేదు. ఇకమీద నాకు వానల సంగతి చెప్పకు. ఎండల సంగతి నేనూ చెప్పను. సరేనా?"

అత్తయ్యకు వినిపించాను. చివరిదాకా విని, "బెల్టుకి బొక్కలా? వెధవ. చెప్పొచ్చు కదా" అని కళ్ళజోడు తుడుచుకుంది.

సరేనండీ. సరే.


అక్టోబర్ 14, మంగళవారం

ట్రైనింగ్ మాస్టారు పక్కన కూర్చుంటే ఖాళీ బస్సు నడిపాను. డిపో చుట్టూ, ఆ తర్వాత మార్కెట్ దాకా. స్టీరింగ్ చేతికి రాగానే ఏడుస్తానేమోనని భయపడ్డాను. ఏడవలేదు. మాస్టారు ఏడ్చినంత పని చేశారు. "క్లచ్చి మీద అలా కాలు పెట్టి ఎవరు నడపమన్నారమ్మా, దాని ఉసురు తగులుతుంది!"

ఫోన్లో ఆయనకు ఇదంతా చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు వినపడి అత్తయ్య వంటగదిలోంచి వచ్చి ఊరికే నిలబడింది, ఫోన్ అడగకుండా.

ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం కాబట్టి బెంగ తగ్గాలి కదా. పెరిగింది.


నవంబర్ 11, మంగళవారం

డాక్టరమ్మ సరేనంది. మాస్టారు సంతకం పెట్టారు. మేనేజర్ వంతెన రూటు వేశారు, కొన్నాళ్ళు మాస్టారు వెంట వస్తారన్న షరతు మీద. విజిల్ ఇంజను దగ్గర నిమ్మకాయలేమీ కట్టలేదు గానీ, అలాంటి మొహమే పెట్టాడు.

వంతెన మీద కొంచెం వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. దీపస్తంభం, రెయిలింగ్, మబ్బు, ముందు పోతున్న లారీ మీద టార్పాలిన్, అని నోట్లోనే చెప్పుకుంటూ పోయాను. ఆపాలనిపిస్తే పక్కకు తీసి ఆపుతానని మాస్టారికి ముందే చెప్పాను. ఆపాల్సిన పని పడలేదు.


డిసెంబర్ 4, గురువారం

శనివారం వస్తారని కదా అనుకున్నాం. అత్తయ్య ఇంకా దుప్పట్లు ఉతకనే లేదు.

మధ్యాహ్నం ట్రిప్పు. మాస్టారు వెంట రావడం మానేసి వారమైంది. వంతెనకు ముందు హార్బర్ గేటు స్టాపులో ఆపాను. నలుగురు ఎక్కారు. ఆఖర్న ఒక గడ్డమాయన పెద్ద సంచి భుజాన వేసుకుని, మెట్టు మీద కాలు పెట్టి, "ఈ బస్సు మా ఇంటికి పోతుందాండీ?" అన్నాడు.

తాగుబోతనుకున్నాను. తిరిగి చూశాను.

చిక్కిపోయారు. మెడ చొక్కాలోంచి వేరేవాళ్ళ మెడలా ఉంది. నవ్వు మాత్రం ఆయనదే. లేవబోతే సీటు బెల్టు పట్టేసింది. వెనక కార్ల హారన్లు. విజిల్‌కు ఏమీ తెలియదు, "ఎక్కండి సార్ ఎక్కండి, లోపలికి జరగండి, రైట్ రైట్!" అని ఈల వేశాడు.

ఏం చెయ్యను? గేరు వేశాను.

నా వెనక సీట్లో కూర్చున్నారు. ఇన్ని నెలలుగా సముద్రానికి అవతలున్న మనిషి, చెయ్యి చాపితే అందేంత దగ్గర. చెయ్యి చాపకూడదు. తల తిప్పకూడదు. పైనున్న అద్దంలో సగం గడ్డం, ఒక కన్ను కనిపిస్తున్నాయి. ఆ సగం మొహాన్ని చూసుకుంటూ, రోడ్డును చూసుకుంటూ వంతెన ఎక్కించాను. ఇన్నాళ్ళ బెంగ ఒక ఎత్తు, ఆ కాసేపటిది ఒక ఎత్తు.

నడిమధ్యలో గుండె ఒకసారి తలుపు తట్టింది. ఊపిరి బిగబట్టకుండా వదిలాను. అద్దంలోకి చూశాను. ఆయన నిద్రపోతున్నారు. నోరు తెరుచుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, తల కిటికీకి ఆనించి, గాఢంగా.

కుదుపు రాకుండా దించాను వంతెన.

ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. విజిల్ వచ్చి గుసగుసగా అన్నాడు.

"అక్కా, ఒకాయన దిగలేదు. లేపనా?"

"వద్దు. మా ఆయన."

విజిల్ నోట్లోంచి ఈల కింద పడింది. టీ తాగొస్తానని చెప్పి దిగిపోయాడు.

ఇంజను ఆపి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన చేతుల మీద కొత్త గాట్లున్నాయి, నాకు తెలియనివి. గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. బెల్టు చూశాను. చెప్పినట్టే ఉంది. లేపాలనిపించలేదు. మెల్లగా తల నా భుజం మీదకు జారింది. రిటర్న్ ట్రిప్పు టైము అయ్యేదాకా అలాగే కదలకుండా కూర్చున్నాను. జనం ఎక్కుతూ మమ్మల్ని చూసి, అడుగుల చప్పుడు కాకుండా సీట్లలో సర్దుకున్నారు. తల జాగ్రత్తగా మళ్ళీ కిటికీకి ఆనించి, వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను.

బండి దగ్గింది. ఆయన లేవలేదు. వంతెన ఎక్కాం, దిగాం. లేవలేదు.

హార్బర్ గేటు దగ్గర బ్రేకు వేశాక లేచారు. కళ్ళు నులుముకుని, కిటికీలోంచి తాను బస్సెక్కిన గేటునే చూసి, గొంతు పెంచి అడిగారు.

"ఏంటి, ఇంకా బయల్దేరలేదా?"